కేజీ నూనె అంటే లీటరేనా? ప్యాకెట్ మీద 910 గ్రాములని ఎందుకుంది?

కొత్తావకాయ_బెజవాడ

అందరికీ నమస్తే అండి. ఈ ఏడాది ఆవకాయ నేనే పెడదామని కూర్చున్నా. మా అత్తయ్యగారు ఫోన్లో లెక్కంతా చెప్పారు, కాయలిన్ని, కారం ఇంత, ఆవపిండి ఇంత, పప్పునూనె కేజీ అని. సరేనని వెళ్లి లీటర్ ప్యాకెట్ పట్టుకొచ్చా, ఇంటికొచ్చి చూస్తే దాని మీద సన్నగా 910 గ్రాములని రాసుంది. లీటరంటే కేజీ కదా, మిగతా 90 గ్రాములు ఎవడు నొక్కేశాడు, కంప్లైంట్ పెట్టాల్సిందే అని మా ఆయన ఒకటే గోల.

ఇది చాలదన్నట్టు మా వీధి చివర కొత్తగా గానుగ పెట్టారు, అక్కడ నువ్వుల నూనె కేజీ 400. బజార్లో ఇంకో గానుగ దగ్గర లీటర్ 380. లీటర్‌దే చవక కదా అని నేనంటే మా అమ్మాయి కాదంటోంది, ఎనిమిదో క్లాసు, సైన్స్ పుస్తకం ముందేసుకుని మరీ వాదిస్తోంది.

ఇంకోటి కూడా అడిగేస్తా పనిలో పని. పిల్ల కోసం ఒక కేక్ రెసిపీ దొరికింది, అంతా గ్రాముల్లోనే ఉంది, నూనె 110, పాలు 240, తేనె 85. నా దగ్గర కప్పులూ స్పూన్లూ ఉన్నాయి కానీ కాటా లేదు. నెట్‌లో ఒక్కొక్కరు ఒక్కో టేబుల్ పెట్టారు, ఏది నమ్మాలో తెలీట్లేదు. కాస్త అర్థమయ్యేట్టు చెప్పండి ప్లీజ్.

లెక్కల_మాస్టారు

మోసమేం లేదమ్మా, మీవారిని కాస్త శాంతించమనండి. లీటరు కేజీ అనేది నీళ్ల లెక్క. చిన్నప్పుడు బళ్లో నీళ్లతోనే చెప్పాం కాబట్టి అందరికీ అదే బుర్రలో ఉండిపోయింది. నూనె నీళ్ల కంటే తేలిక, నీళ్ల మీద తేలేది అందుకే. నువ్వుల నూనె, వేరుశనగ, పొద్దుతిరుగుడు, కొబ్బరి ఏదైనా సరే లీటరు 910 నుంచి 920 గ్రాముల మధ్యే తూగుతుంది, వంటింటికి అన్నిటికీ 910 వేసుకుంటే చాలు. అంటే కేజీ నూనె కావాలంటే లీటరు మీద ఇంకో 100 మి.లీ. పోయాలి. అరకేజీ అంటే 550 మి.లీ.

గానుగ విషయంలో మీ అమ్మాయే కరెక్టు. కేజీ 400 అంటే లీటరుకి 364 పడుతుంది (400ని 0.91తో గుణించండి). ఇంకోచోట లీటరు 380. కాబట్టి కేజీ లెక్కన అమ్మేవాడి దగ్గరే లీటరుకి 16 రూపాయలు తక్కువ. రేటు అడిగేటప్పుడు కేజీకా లీటరుకా అని ఖచ్చితంగా అడగండి, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

ఇక ప్యాకెట్ మీద రెండు అంకెలు ఎందుకంటే దాని వెనక ఒక కథ ఉంది. నూనె వేడెక్కితే ఉబ్బుతుంది, అంటే అదే లీటరులో తక్కువ బరువు పడుతుంది. సోయా నూనె 21 డిగ్రీల దగ్గర లీటరు 919 గ్రాములుంటే 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములే. కొన్ని కంపెనీలు 60 డిగ్రీల దగ్గర లీటరు అని లేబుల్ మీద వేసి ఆ తక్కువ బరువుకే ప్యాక్ చేసేవి. మన వంటింట్లో నూనె ప్యాకెట్ 60 డిగ్రీల్లో ఎప్పుడుంటుందండీ, మన ఎండల్లో కూడా ఉండదు. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీని మీద ఆదేశం ఇచ్చింది, డిగ్రీలు వేయకుండా వాల్యూమ్ రాయండి, దాంతోపాటు బరువూ రాయండి, 2023 జనవరి 15 లోపు లేబుళ్లు మార్చుకోండి అని. కాబట్టి మీవారు చూడాల్సింది ప్యాకెట్ సైజు కాదు, దాని మీద రాసిన గ్రాములు. ఇప్పుడు చూడ్డానికి లీటర్ ప్యాకెట్‌లానే ఉండి 850, 800 గ్రాములవి కూడా వస్తున్నాయి, రేటు తక్కువుంది కదా అని తీసుకుంటే అక్కడ నిజంగానే నష్టపోతారు.

కేక్ సంగతి: నూనె 110 గ్రాములు అంటే 120 మి.లీ., 240 మి.లీ. కప్పుతో సరిగ్గా అరకప్పు. తేనె నూనెకి రివర్స్, నీళ్ల కంటే చాలా బరువు, మి.లీ.కి 1.42 గ్రాములు. 85 గ్రాములంటే 60 మి.లీ., అంటే పావు కప్పు. పాలు నీళ్లూ దాదాపు ఒకటే, 240 గ్రాములకి ఒక కప్పు పోసేయండి.

కరీంనగర్_పోరడు

అక్కా తొక్కుకు గింత లెక్క దేనికే. మా అమ్మ ఇన్నేండ్ల నుంచి పెడ్తది, గ్రాములు చూసుడు నేనైతే ఎన్నడు సూడలే. మూడొద్దులకు జాడి మూత తీసి కింది నుంచి మీదికి కలుపుతది, నూనె పైకి తేలితే మంచిగున్నట్టు, తేలకపోతే ఇంకింత పోస్తది, అయిపాయె. ముక్క ఎంత గుంజుతదో, ఆవపిండి ఎంత గుంజుతదో కాయను బట్టి ఉంటది, అది మీ అత్తమ్మ చెప్పిన కేజీల ఉండది. లీటర్ తోని మొదలుపెట్టు, ఇంకో అర లీటర్ పక్కన పెట్టుకో.

తూకం చూడాల్సింది ఉప్పు. దొడ్డుప్పు గ్లాసుతో కొలిస్తే ఒక తూకం వస్తది, సన్నుప్పు గదే గ్లాసుతో కొలిస్తే ఎక్కువొస్తది, మధ్యల సందులు ఉండయి కదా. మీ అత్తమ్మ ఏ ఉప్పుకు చెప్పిందో ఫోన్ చేసి అడుగు ముందుగాల.

భోజనాల_కాంట్రాక్ట్_కాకినాడ

పోరడు తమ్ముడు చెప్పింది పచ్చడి వరకు కరెక్టేనండి, కానీ టిన్నులు కొనేవాళ్లకి ఈ కేజీ లీటరు గొడవ మామూలుది కాదండి బాబూ. నేను పెళ్లిళ్లకి వంటలు చేయిస్తా. బజార్లో నూనె టిన్ను రెండు రకాలు దొరుకుద్ది, 15 కేజీల టిన్ను, 15 లీటర్ల టిన్ను. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, మీద 15 అంకె పెద్దగా ఉంటది, పక్కన కేజీయా లీటరా అన్నది అంత పెద్దగా ఉండదు. 15 కేజీలంటే పదహారున్నర లీటర్లు. 15 లీటర్లంటే పదమూడు కేజీల 650 గ్రాములు. టిన్నుకి కేజీ 350 గ్రాముల తేడా, పది టిన్నులు కొన్నారనుకోండి దాదాపు ఒక టిన్ను నూనె పోయినట్టే. షాపువాడు టిన్ను మీద యాభై తగ్గించా అంటే సంతోషపడి బిల్లు కట్టేసేవాళ్లని ఎంతమందిని చూశానో.

పెళ్లివారు లిస్టు రాయించుకునేటప్పుడు నూనె ఎన్ని టిన్నులు అని రాసుకుంటారండి, అలా కాదు, ఎన్ని కేజీలు అని రాసుకోండి. నెయ్యి కూడా అంతే, లీటరు నెయ్యి తూకం వేస్తే 905, 910 గ్రాములే ఉంటది. బూరెల్లోకి నెయ్యి కేజీ అని నేను చెప్తే లీటరు తెచ్చి ఇచ్చి తక్కువైందని నామీద అరుస్తారు ఆయ్.

ఇంకో మాట, నెయ్యిని గరిటెతో కొలవడం వద్దండి. పేరుకున్న నెయ్యి గరిటెకి గుట్టలాగా వస్తది, కరిగితే అంచు వరకే పట్టుద్ది. కరిగించి కొలవండి, లేకపోతే కాటా పెట్టండి.

పాలకేంద్రం_చిత్తూరు

మాస్టారుగారూ మీరు చెప్పినవన్నీ బాగున్నాయి సార్, పాలు నీళ్లూ ఒకటే అన్నారే అది మాత్రం మా దగ్గర అనకండి, మా లెక్కలన్నీ తారుమారైపోతాయి 😀 కేక్‌కి పర్లేదు లెండి. పాలు లీటరు 1.03 కేజీలు. ఒక కప్పులో తేడా ఏడు గ్రాములే కాబట్టి వంటింట్లో పట్టించుకోనక్కర్లేదు, కానీ 40 లీటర్ల క్యాన్ అయితే పాలే 41 కేజీల 200 గ్రాములుంటాయి. రైతు లీటర్లలో పోసి సెంటర్‌లో కేజీల్లో రాసుకున్నా, కేజీల్లో తూచి లీటర్లకి డబ్బులిచ్చినా మూడు శాతం అటో ఇటో పోతుంది. అందుకే తూకం వేసే చోట 1.03తో మార్చి రాస్తాం.

లాక్టోమీటర్ చూసే ఉంటారు, పాలల్లో వేస్తే తేలే గాజు గొట్టం. దాని మీద 28, 30, 32 అని గీతలుంటాయి. 30 అంటే ఆ పాలు మి.లీ.కి 1.030 గ్రాములు అని అర్థం, ముందున్న 1.0 రాయరు అంతే. నీళ్లు కలిపితే రీడింగ్ పడిపోతుంది. మీగడ తీసేస్తే పెరుగుతుంది, వెన్న తేలిక కదా మరి. ఈ రెండూ కలిపి చేసేవాళ్లు కూడా ఉన్నారు, మీగడ తీసి దానికి తగ్గట్టు నీళ్లు పోస్తే లాక్టోమీటర్ మామూలుగానే చూపిస్తుంది, దాన్ని పట్టుకోవాలంటే ఫ్యాట్ టెస్ట్ కూడా చేయాల్సిందే.

అర లీటర్ ప్యాకెట్ ఇంట్లో కాటా మీద పెడితే 515 గ్రాములు రావాలి, కవరు బరువు రెండు మూడు గ్రాములు అదనం. సరిగ్గా 500 చూపిస్తే పాలు 485 మి.లీ. కూడా లేనట్టు, అయితే ఇంట్లో కాటా నిఖార్సుగా చూపిస్తోందో లేదో ముందు చూసుకోండి, ఊరికే పాలవాడితో గొడవ పడొద్దు. పెరుగు కూడా పాల లెక్కే, కాకపోతే గడ్డ పెరుగు కప్పులో వేస్తే కింద ఖాళీలుంటాయి, కవ్వంతో ఒకసారి తిప్పి కొలవండి.

డాలస్_ఆవకాయ

ఇక్కడ మా బాధ వేరే. నూనె బాటిల్ మీద 48 ఫ్లూయిడ్ ఔన్స్ అని ఉంటది, రెసిపీలో 8 ఔన్సులు అని ఉంటది, రెండూ ఔన్సులే కదా అని మావాళ్లు కలిపేస్తారు. ఫ్లూయిడ్ ఔన్స్ అంటే కొలత, 29.57 మి.లీ. ఉత్త ఔన్స్ అంటే తూకం, 28.35 గ్రాములు. నీళ్లకైతే రెండూ దగ్గర దగ్గరగా సరిపోతాయి కాబట్టి ఎవరికీ డౌట్ రాదు, తేనె దగ్గరకొచ్చేసరికి బెడిసికొడుతుంది, 8 ఫ్లూయిడ్ ఔన్సుల తేనె తూకంలో దాదాపు 12 ఔన్సులు. 48 ఫ్లూయిడ్ ఔన్సుల నూనె బాటిల్ అంటే 1.42 లీటర్లు, తూకంలో 1.3 కేజీలు. కేజీ నూనె కావాలన్న అత్తయ్యగారి లెక్కకి ఆ బాటిల్ ఒకటి చాలు, ఇంకా మిగులుతుంది.

కప్పుల సంగతి కూడా చూసుకోండి. అమెరికా కప్పు 237 మి.లీ. (240 అని రౌండ్ చేస్తారు), ఆస్ట్రేలియా వాళ్ల రెసిపీలో కప్పు 250, వాళ్ల టేబుల్ స్పూన్ 20 మి.లీ., మిగతా అందరికీ 15. రైస్ కుక్కర్‌తో ఇచ్చే కప్పు ఎక్కువగా 180 ఉంటుంది, అది కప్పు అనుకుని కేక్‌లో వాడితే గోవిందా. ఇండియాలో కొన్న సెట్టు అయితే 240 కావచ్చు 250 కావచ్చు, వెనక తిప్పి చూస్తే రాసుంటుంది.

కాటా కొంటే ఒక విషయం గుర్తుపెట్టుకోండి అండి, ఇది ఎవరూ చెప్పరు. డిజిటల్ కాటాలకి ఒక బటన్ ఉంటుంది, గ్రాములు, ఔన్సులు, మి.లీ. అని మారుతుంది. ఆ మి.లీ. చూసి అబ్బో లిక్విడ్ కూడా కొలుస్తుందే అనుకోవద్దు. దానికి మీరు పోసేది నూనో తేనో తెలీదు, నీళ్లే అనుకుని బరువునే మి.లీ. కింద చూపిస్తుంది. కొన్నిట్లో నీళ్లకొకటి పాలకొకటి వేరే గుర్తులుంటాయి, అంతకు మించి లేదు. ఆ మోడ్‌లో 500 మి.లీ. నూనె పోశారంటే నిజానికి 550 మి.లీ. పడ్డట్టు. గ్రాముల్లోనే ఉంచి మీరే భాగించుకోవడం మేలు.

కొత్తావకాయ_బెజవాడ

అందరికీ చాలా థాంక్స్ అండి. మా అమ్మాయి మాస్టారుగారి రిప్లై ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించింది, వాళ్ల నాన్న కంటపడేట్టు. కాటా ఆర్డర్ పెట్టా. పోరడు తమ్ముడూ, అత్తయ్యగారిని అడిగా, కల్లుప్పు ఎండబెట్టి దంచి వేయమన్నారు, నువ్వు అడగమనకపోతే ప్యాకెట్ ఉప్పు పోసేసేదాన్ని.

ఇంకొక్కటి. పంచదార పాకం, బెల్లం పాకం, చింతపండు పులుసు లాంటివాటికి నంబర్ ఎంత? ఏ టేబుల్‌లోనూ కనపడట్లేదు. గులాబ్ జామ్‌కి రెండు కప్పుల పాకం కావాలని ఉంది, కప్పు పంచదార కప్పు నీళ్లు పోస్తే రెండు కప్పులు వస్తాయి కదా?

లెక్కల_మాస్టారు

రావమ్మా, అదే తమాషా. కప్పు పంచదార 200 గ్రాములు, కప్పు నీళ్లు 240 గ్రాములు, కలిపితే 440 గ్రాములు, బరువు ఎటూ పోదు. కానీ పంచదార కరిగాక నీళ్లలోనే ఇమిడిపోతుంది, గింజల మధ్య ఉన్న గాలి ఖాళీలు కూడా పోతాయి, ఆ కరిగిన పాకం మి.లీ.కి సుమారు 1.2 గ్రాములుంటుంది. 440ని 1.2తో భాగిస్తే దాదాపు 367 మి.లీ. అంటే ఒకటిన్నర కప్పు. పొయ్యి మీద మరిగే కొద్దీ నీళ్లు పోయి ఇంకా తగ్గుతుంది. మీకు రెండు కప్పులు కావాలంటే కప్పున్నర పంచదార, కప్పున్నర నీళ్లు పెట్టుకోండి, మరగడానికి కాస్త పోయినా సరిపోతుంది.

పాకానికి టేబుల్‌లో నంబర్ లేకపోవడానికి కారణం కూడా ఇదే. లేత పాకం, తీగ పాకం, ముదురు పాకం, మరిగే కొద్దీ దాని బరువు మారిపోతూ ఉంటుంది, ఏ నిమిషానికి ఆ నిమిషం వేరే నంబర్. చింతపండు పులుసు ఎంత చిక్కగా పిండారన్నదాన్ని బట్టి ఉంటుంది. అలాంటివాటికి మీ ఇంట్లోనే కనుక్కోవచ్చు, కాటా వచ్చాక చేసి చూడండి, అమ్మాయితో చేయించండి ఇంకా మంచిది. ఒక గాజు గ్లాసు తీసుకుని బయట పెన్నుతో గీత పెట్టండి. ఖాళీ గ్లాసు కాటా మీద పెట్టి సున్నా చేయండి. గీత వరకు నీళ్లు పోసి తూచండి, 200 గ్రాములు వచ్చిందనుకోండి ఆ గీత 200 మి.లీ. దగ్గరుందన్నమాట. నీళ్లు పారబోసి శుభ్రంగా తుడిచి (తడి ఉంచొద్దు), అదే గీత వరకు పులుసు పోసి మళ్లీ తూచండి. 214 వచ్చిందనుకోండి, 214ని 200తో భాగిస్తే 1.07, అదే మీ పులుసు నంబర్. ఇక గ్రాములు కావాలంటే మి.లీ.ని దాంతో గుణించడం, మి.లీ. కావాలంటే గ్రాముల్ని దాంతో భాగించడం. వేడి వేడిగా చేయొద్దు, చల్లారాకే.

వచ్చిన నంబర్ 1 కంటే తక్కువైతే లోపల నూనో నెయ్యో ఎక్కువుందని, బాగా ఎక్కువైతే తీపో ఉప్పో కరిగుందని. సోయా సాస్ 1.2 దాకా ఉండేది ఆ ఉప్పు వల్లే. 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా కప్పులో పోస్తే 300 మి.లీ. పైచిలుకే వచ్చేది తీపి వల్ల.

డాలస్_ఆవకాయ

మాస్టారూ సూపర్. కేక్ చేసేటప్పుడు ఇంకో చిన్న పని చేయండి అక్కా, తేనె కంటే ముందు నూనె కొలవండి, అదే కప్పు కడక్కుండా దాంట్లోనే తేనె పోయండి. తేనె కప్పుకి అంటుకుని ఒకటి రెండు టీస్పూన్లు లోపలే ఉండిపోతుంది, టీస్పూన్ తేనె అంటే 7 గ్రాములు, 85లో అది తక్కువేం కాదు. నూనె రాసి ఉంటే మొత్తం జారి వచ్చేస్తుంది.

కరీంనగర్_పోరడు

కాటా వచ్చినంక తేనె కప్పుల దేనికి అన్నా, సీదా గిన్నెల పోసి 85 కాంగనే ఆపు అని చెప్పు 😂